ఉరి తీయాలంటున్నాం, ఎవరిని?

2019 డిసెంబరు 6, శుక్రవారం. విశాఖ జిల్లా పద్మనాభం కొండ కింద టీకొట్టులో ఉన్నాను. అప్పటికింకా ఏడున్నర కాలేదు. కొట్టాయన టీవీ సౌండు పెంచాడు. హైదరాబాద్ శివార్లలో పశువైద్యురాలిని చెరిచి చంపి తగలబెట్టిన కేసులో నలుగురు నిందితులూ చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారని వార్త. కొట్లో ఒక్కసారిగా కేకలు. "సరైన పని సేసినారు" అన్నాడొకాయన. "ఇలాటోళ్ళని ఆ రోజే ఉరేసేయాల, కోర్టులేటి మద్దిన?" అన్నాడు ఇంకొకాయన. కొట్టాయన ఆ పూట అందరికీ అల్లం టీ ఊరికే పోశాడు.

కొట్టుకు పాలు పోసే ముసలావిడ క్యాను దింపి, చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ అడిగింది: "ఆళ్ళే సేసినారని ఎవలు సెప్పినారు బావూ?" ఎవరూ జవాబివ్వలేదు. నేనూ ఇవ్వలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకూ గుండెల్లోంచి ఏదో బరువు దిగినట్టే అనిపించింది. ఆడపిల్లలున్న ఇల్లు మాది. ఆ ఊరట తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయమేస్తుంది. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం.

ఆ కాల్పుల మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022 జనవరిలో నివేదిక ఇచ్చింది. మేలో అది బయటికొచ్చింది. పోలీసులు చెప్పిన కథ నమ్మేలా లేదని, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కమిషన్ తేల్చింది. పదిమంది పోలీసుల మీద హత్యా నేరం కింద విచారణ జరపాలని చెప్పింది. ఆ ముసలావిడ అడిగిన ప్రశ్నకు మాత్రం ఇక ఎన్నటికీ జవాబు దొరకదు. విచారణే జరగని కేసులో దోషి ఎవరో ఏ కోర్టు చెబుతుంది?

ఘోరం జరిగిన ప్రతిసారీ మన దగ్గర వినిపించే మాట ఒకటే, ఉరిశిక్ష మళ్ళీ తేవాలని. అసలది ఎక్కడికి పోయిందని? పాత శిక్షాస్మృతి 302 సెక్షన్లో ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 103లోనూ ఉంది. పన్నెండేళ్ళలోపు పిల్లలపై అత్యాచారానికి 2018 నుంచి ఉరి ఉంది. మన కోర్టులు వేయడానికి వెనకాడుతున్నదీ లేదు. వరంగల్ దగ్గర తొమ్మిది నెలల పసికందు కేసులో 2019లో నేరం జరిగిన రెండు నెలల లోపే ఉరి పడింది. ఆసిఫాబాద్ సమత అత్యాచారం, హత్య కేసులో 2020 జనవరిలో ముగ్గురికి, గొర్రెకుంట బావి హత్యల్లో అదే ఏడాది అక్టోబరులో ఒకరికి పడింది. జాతీయ రహదారి మీద లారీ డ్రైవర్లను ఆపి చంపిన ముఠాలో 12 మందికి 2021లో ఒంగోలు కోర్టు ఒక్క రోజే వేసింది. గుంటూరులో నడిరోడ్డు మీద ఇంజినీరింగ్ విద్యార్థినిని పొడిచి చంపినవాడికి 2022 ఏప్రిల్‌లో, మిర్యాలగూడ పరువు హత్యలో కత్తి పట్టినవాడికి 2025 మార్చిలో ఉరిశిక్ష వేశారు. దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్ళ కేసులో ఐదుగురికి పడిన ఉరిని తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో ఖరారు చేసింది.

తీర్పులు ఇన్ని వస్తున్నా తాడు దాకా వెళ్ళినవి బహు తక్కువ. ఈ శతాబ్దంలో దేశం మొత్తం మీద ఉరి తీసింది ఎనిమిది మందిని. 2004లో కోల్‌కతాలో ఒకరు, తర్వాత కసబ్, అఫ్జల్ గురు, యాకూబ్ మెమన్, 2020 మార్చి 20 తెల్లవారుజామున తిహార్ జైల్లో నిర్భయ కేసు దోషులు నలుగురు. ఆ నలుగురి కోసం తాడు బిహార్‌లోని బక్సర్ జైల్లో పేనారు, తలారిని మీరట్ నుంచి రప్పించారు. మన రాజమహేంద్రవరం సెంట్రల్ జైల్లో ఉరికంబం దాదాపు యాభై ఏళ్ళుగా వాడకం లేకుండా ఉంది. "మళ్ళీ తేవాలి" అనేవాళ్ళు అడుగుతున్నది ఆ కంబం మళ్ళీ కదలాలనే. కొందరు ఇంకో అడుగు ముందుకేసి నడిబజారులో తీయమంటారు. ఆ ముచ్చటా మనకు కొత్త కాదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఈస్టిండియా కంపెనీవాళ్ళు 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో జనం చూస్తుండగా ఉరి తీసి, ముప్పై ఏళ్ళ పాటు ఆ తలను కోట గుమ్మానికి వేలాడదీశారు. చూసిన జనం జడవాలనే తీశారు. ఆ జనమే ఆయన మీద పాటలు కట్టుకున్నారు. బహిరంగంగా ఉరి తీయడం రాజ్యాంగానికే విరుద్ధమని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పేసింది కాబట్టి దాన్ని ఇక్కడితో వదిలేస్తాను.

న్యాయశాస్త్రం వైపు నుంచి చూస్తే ఈ కథలో తెలుగువాళ్ళ పాత్ర తక్కువేమీ కాదు. ప్రత్యర్థి ఆడమనిషినీ ఆమె పసిబిడ్డనూ చంపిన ఒక యువతి కేసు ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1974 నాటి ఈడిగ అన్నమ్మ కేసు అది. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆమె నేరాన్నే కాక ఆమె వయసును, బతుకును కూడా తూకంలో పెట్టి ఉరిని యావజ్జీవంగా మార్చారు. మనిషిని కూడా చూడాలన్న ఆ చూపే ఆరేళ్ళ తర్వాత బచ్చన్ సింగ్ తీర్పులో స్థిరపడింది. అత్యంత అరుదైన కేసుల్లోనే ఉరి అన్న సూత్రం అక్కడిదే. ఐదుగురు జడ్జీల్లో నలుగురు ఉరిని నిలబెట్టారు, జస్టిస్ భగవతి ఒక్కరూ ఒప్పుకోలేదు. 1983లో మన తెలుగువాడే అయిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఇంకో మాటన్నారు. ఉరిశిక్ష పడ్డాక రెండేళ్ళకు మించి మనిషిని ఎదురుచూపుల్లో పెడితే ఆ శిక్షను యావజ్జీవంగా మార్చమని అడిగే హక్కు అతనికి ఉందన్నారు. నెలలు తిరక్కుండానే వేరే బెంచి రెండేళ్ళ లెక్కను తోసిపుచ్చింది. అయినా ఆ ఆలోచన చావలేదు. 2014 జనవరిలో క్షమాభిక్ష జాప్యం లాంటి కారణాలతో 15 మంది ఉరి రద్దయింది. 'అత్యంత అరుదు' అన్న మాట కొలత మాత్రం నాకు ఈ రోజుకీ అర్థం కాదు. ఒక జడ్జికి అరుదైనది పక్క కోర్టు జడ్జికి అరుదు కాకపోవచ్చు. వరంగల్ పసికందు కేసులో కింది కోర్టు వేసిన ఉరిని మూడు నెలలకే హైకోర్టు యావజ్జీవంగా మార్చింది. నేరం అదే, సాక్ష్యం అదే. మారింది చూసిన కళ్ళు.

ఈ కొలత ఎవరి మీద పడుతుందన్నది నన్ను ఎక్కువ కలవరపెట్టే సంగతి.

తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో ప్రత్యేక ట్రిబ్యునళ్ళు 12 మంది రైతుబిడ్డలకు ఉరి వేశాయి. బ్రిటన్ నుంచి డి.ఎన్. ప్రిట్ అనే న్యాయవాది వచ్చి వాళ్ళ కోసం వాదించారు, దేశ విదేశాల్లో గోల లేచింది, ఉరి తప్పింది. 1975లో ఆ అదృష్టం లేదు. ఆదిలాబాద్ రైతాంగ ఉద్యమానికి చెందిన భూమయ్య, కిష్టాగౌడ్‌లను కాపాడాలని కె.జి. కన్నబిరాన్ లాంటి న్యాయవాదులు చెయ్యని ప్రయత్నం లేదు. ఎమర్జెన్సీ చీకట్లో, డిసెంబరు 1న, ముషీరాబాద్ జైల్లో ఇద్దర్నీ ఉరి తీసేశారు. నోరెత్తే వీలు లేని రోజులు చూసుకుని తీశారు.

తర్వాత చిలకలూరిపేట. 1993 మార్చి 8 తెల్లవారుజామున ఆర్టీసీ బస్సును దోచుకోబోయి పెట్రోలు పోసి తగలబెట్టారు ఇద్దరు దళిత యువకులు. నిద్రలో ఉన్న 23 మంది కాలిపోయారు. ఆ ఘోరాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. నాకూ లేదు. 1995లో గుంటూరు కోర్టు ఇద్దరికీ ఉరి వేసింది. హైకోర్టు, 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేశాయి. 1997 మార్చి చివర్లో రాజమండ్రి జైల్లో ఏర్పాట్లు మొదలయ్యాయి. ఖైదీ బరువు తూచి, అంతకు మించిన బరువున్న ఇసుక బస్తాను తాడుకు కట్టి వేలాడదీసి చూస్తారు. తాడు ఆగుతుందా తెగుతుందా అన్న పరీక్ష అది. కొట్లో కందిపప్పు తూచినట్టు బతికున్న మనిషిని తూచుతారు. హక్కుల సంఘాలవాళ్ళు ఊరూరా తిరిగారు, మహాశ్వేతాదేవి లాంటి రచయితలు గొంతు కలిపారు. ఉరి ఘడియకు కొద్ది గంటల ముందు సుప్రీంకోర్టు ఆపింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ శిక్షను యావజ్జీవంగా మార్చారు.

ఇప్పుడు దీని పక్కనే ఇంకో రెండు ఊళ్ళు పెట్టి చూడండి. కారంచేడులో 1985 జులై 17న ఆరుగురు దళితుల్ని వెంటాడి చంపారు. సుప్రీంకోర్టులో ఆ కేసు తేలేసరికి 2008 అయింది. ఒక్కరికి యావజ్జీవం, మిగిలినవాళ్ళకు మూడేళ్ళు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికి గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పడానికి పదహారేళ్ళు పట్టింది. 21 మందికి యావజ్జీవం పడితే 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. దళిత యువకుల కేసులో రెండున్నరేళ్ళకు ఉరి పడింది. దళితుల్ని చంపిన కేసులో ఇరవై మూడేళ్ళకు దోషే లేకుండా పోయాడు. కారంచేడు, చుండూరు దోషులకూ ఉరి వేసి ఉండాల్సిందని నేననను. న్యాయస్థానాల్లో ఇంత ఎత్తుపల్లాలుండగా, తిరిగి తీసుకోలేని శిక్షను ఆ చేతుల్లో పెట్టడం నా మనసుకు ఒప్పదు.

ఇది నా ఒక్కడి మాట కాదు. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్ళు దేశంలో ఉరి నీడలో ఉన్న ఖైదీల్ని జైలు జైలుకూ వెళ్ళి కలిసి 2016లో నివేదిక వేశారు. నాలుగింట మూడొంతుల మంది పేదలు. అంతే మోతాదులో దళితులు, ఆదివాసులు, వెనకబడిన కులాలవాళ్ళు, మైనారిటీలు. కింది కోర్టులు ఉరి వేసి, చివరిదాకా ఏమైందో తెలిసిన కేసుల్లో పై కోర్టుల వడపోత తర్వాత ఉరి మిగిలింది నూటికి ఐదుగురికే. దాదాపు ముప్పై మంది నిర్దోషులుగా బయటికొచ్చారు. నూటికి ముప్పై! రొయ్యల చెరువులో మందు తప్పితేనే గోల పెట్టేవాళ్ళం, ఇంత తప్పును మనుషుల మెడ దగ్గర ఎలా ఓర్చుకుంటున్నాం?

తప్పు ఎంత దగ్గరిదాకా వస్తుందో తెలియాలంటే ఇబ్రహీంపట్నం కేసు చూడాలి. 2007 డిసెంబరు 27న విజయవాడ దగ్గర హాస్టల్లో ఫార్మసీ చదువుతున్న అమ్మాయిని చెరిచి చంపారు. రాష్ట్రం రగిలిపోయింది. మరుసటి ఏడాది పోలీసులు ఒక పేద దళిత యువకుడిని తెచ్చి వీడే అన్నారు. పిల్లను పోగొట్టుకున్న తల్లిదండ్రులే మొదటి నుంచీ "ఇతను కాదు, అసలువాళ్ళను దాస్తున్నారు" అని మొత్తుకున్నారు. 2010లో కోర్టు శిక్ష వేసింది. ఆ కుర్రాడికి జైల్లోనే నరాల జబ్బు చేసి కాళ్ళు పట్టు తప్పాయి. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని తేల్చి, నష్టపరిహారం ఇవ్వమంది. అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా గడిచిపోయాయి. కేసు మళ్ళీ మొదటికొచ్చి సీబీఐ చేతికి వెళ్ళింది. 2008లో మన టీకొట్లు అడిగినట్టు అతనికి ఉరి వేసి ఉంటే హైకోర్టు ఎవరిని విడుదల చేసేది?

ఉరి కావాలనేవాళ్ళ వాదంలో బలం లేదనను. బిడ్డను పోగొట్టుకున్న తల్లి "వాడు తింటూ తిరుగుతూ బతికి ఉంటే నాకు నిద్ర పట్టదు" అంటే ఎదురు చెప్పే నోరు ఎవరికీ ఉండదు. ఆమె కోపం న్యాయమైనది. దిల్‌సుఖ్‌నగర్‌లో 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం రోడ్డు మీద ఉండి చనిపోయిన 18 మంది చేసిన పాపమేమిటి? జస్టిస్ ఎ.పి. షా నాయకత్వంలో లా కమిషన్ 2015లో ఉరిని రద్దు చేయమని చెబుతూనే ఉగ్రవాద కేసుల్ని మాత్రం పక్కన ఉంచింది. అక్కడే నాకు కమిషన్‌తో పేచీ. పోలీసు తొందరపాటు ఎక్కువ జరిగేది ఆ కేసుల్లోనే. 2007 మే 18 మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకెళ్ళి కొట్టిన ముస్లిం యువకులు ఆ పేలుడుకు సంబంధం లేనివాళ్ళని తేలింది. చివరికి రాష్ట్ర ప్రభుత్వమే వాళ్ళకు పరిహారంతో పాటు మంచి నడవడిక పత్రాలు ఇచ్చింది.

ఉరి ఉంటే నేరం తగ్గుతుందన్నది రెండో వాదం. మన పక్కనే ఒక అనుభవం ఉంది. తిరువాన్కూర్ సంస్థానం 1944లో ఉరిని ఎత్తేసింది. 1950 తర్వాత భారత చట్టంతో అది తిరిగొచ్చింది. అంతకు ముందు ఐదేళ్ళలో అక్కడ 962 హత్యలు జరిగితే, ఉరి తిరిగొచ్చిన ఐదేళ్ళలో 967 జరిగాయి. ఫిలిప్పీన్స్ 1987లో తీసేసి, 1993లో తిరిగి తెచ్చి, 2006లో మళ్ళీ తీసేసింది. విశాఖ నుంచి అమెరికా వెళ్ళిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి 2012లో పెన్సిల్వేనియాలో డబ్బు కోసం తోటి తెలుగువాళ్ళ పసిపాపను, అడ్డొచ్చిన నాయనమ్మను చంపాడు. ఆ రాష్ట్రంలో మరణశిక్ష ఉంది. అది అతన్ని ఆపలేదు. 2014లో అతనికి మరణశిక్ష పడింది. 2015 నుంచి అక్కడి గవర్నర్లు అమలు నిలిపేయడంతో జైల్లోనే ఉన్నాడు.

చటాన్‌పల్లి కాల్పులు జరిగిన వారానికే, 2019 డిసెంబరు 13న, మన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లు తెచ్చింది. ఏడు పని దినాల్లో దర్యాప్తు, పద్నాలుగు పని దినాల్లో విచారణ, మొత్తం 21 పని దినాల్లో తీర్పు, అత్యాచారానికి ఉరి. రాష్ట్రపతి ఆమోదం రాక అది చట్టం కాలేదు. ఆ పేరు మీద పోలీస్ స్టేషన్లు మాత్రం వచ్చాయి, మొదటిది ఉరికంబం ఉన్న రాజమహేంద్రవరంలోనే. అందులో ఉరి మాటకు చప్పట్లు కొట్టినవాళ్ళు ఏడు రోజుల్లో ఫోరెన్సిక్ రిపోర్టు ఎక్కడి నుంచి వస్తుందో అడగలేదు. అడగాల్సింది అదే.

పాలు పోసే ఆ ముసలావిడ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆమె మనవరాలి కేసు కోర్టులో ఉంది. చేసినవాడు బయటివాడు కాదు, ఇంటి మనిషే. దేశంలో నమోదయ్యే అత్యాచార కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా ఇంతే, బంధువో ఇరుగుపొరుగో తెలిసినవాడో. ఒకసారి ఇంటి అరుగు మీద కూర్చుని నాతో అంది: "ఉరేసేత్తారని ముందే తెలిసుంటే కేసు పెట్టేదాన్ని కాను బావూ. ఆడి తల్లి నా తోడబుట్టింది. దాని మొకం ఎలా సూసేదాన్ని? జైల్లో ఉండాల, ఈ పిల్ల ఛాయలకి రాకూడదు. అంతే." చట్టసభల్లో ఉరి గురించి మాట్లాడినవాళ్ళెవరికీ ఈ మాట వినపడి ఉండదు. చెరిచినా ఉరే, చంపినా ఉరే అయితే సాక్ష్యం చెప్పే పిల్లను బతకనివ్వరేమోనన్న భయం దీనికి తోడు.

ఉరి లేకపోవడం వల్ల మా జిల్లాలో న్యాయం ఆగిన కేసు నాకు ఒక్కటీ గుర్తు రావడం లేదు. దర్యాప్తు లేక ఆగినది మాత్రం కళ్ళ ముందే ఉంది. 2007 ఆగస్టు 20న, అప్పట్లో మా జిల్లాలోనే ఉన్న జి. మాడుగుల మండలం వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమను చెరిచారని పదకొండు మంది కోదు ఆదివాసీ ఆడవాళ్ళు చెప్పారు. కొండ దిగి వచ్చి చెప్పారు, అడిగిన ప్రతి చోటా మళ్ళీ మళ్ళీ చెప్పారు. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు నిందితులందర్నీ వదిలేసింది. దర్యాప్తు సరిగ్గా చెయ్యలేదని అదే తీర్పులో ఒప్పుకుని, బాధితులకు పరిహారం ఇవ్వమంది. పదహారేళ్ళు. ఆ కేసులో ఉరి అడిగినవాళ్ళెవరూ లేరు. ఆనవాలు పట్టే పరేడ్ సకాలంలో పెట్టండి, ఆధారాలు సేకరించండి అని మాత్రం అడిగారు. మన టీకొట్లో ఆ తీర్పు రోజు ఎవరూ టీవీ సౌండు పెంచలేదు.

మొన్న కార్తీకంలో కొండ మెట్ల దగ్గర దీపాలకు వత్తులు పేర్చుతూ ముసలావిడ కనిపించింది. నన్ను చూసి రొంటిన దోపుకున్న ప్లాస్టిక్ సంచీ తీసింది. అందులో నాలుగు మడతలు పెట్టిన వాయిదా కాగితం. మడతల దగ్గర చిరిగిపోయింది, ఆమె సెల్లోటేపు అంటించి ఉంచింది. "ఈపాలి ఎప్పుడంట, సదువు బావూ" అంది. చదివాను. మళ్ళీ జనవరికి వేశారు. "పోనీలే, సంకురాత్రి ఎల్లాకే కదా" అని కాగితం మడిచి దోపుకుంది.